కారం గడి, చిరునామా గడి

మా ఆయన పోయాక కొండాపూర్‌లో కర్రీ పాయింట్ పెట్టుకున్నాను. ఆర్డర్ల కోసం నా బిడ్డా, అల్లుడూ వెబ్‌సైట్ చేశారు. మొదలుపెట్టే రోజు పొద్దున అది తెరుచుకోలేదు. ఒకరికొకరు చెప్పకుండా ఇద్దరూ ఆర్డర్లు దాచే డేటాబేస్‌ను మార్చారట. బిడ్డ కారం ఎంత కావాలో రాసే గడి, అల్లుడు చిరునామా గడి పెట్టారు. ఏ మార్పు ముందో తేలక అంతా ఆగిపోయింది.

"నీది తీసెయ్!" అని బిడ్డ, "నీదే తియ్యి!" అని అల్లుడు.

నాకు భయమేసింది. "నా కూరల కోసం కాపురం ఖరాబ్ చేసుకుంటరా? బంద్ పెట్టుండ్రి!" అని గరిటె ఎత్తాను.

బిడ్డ నవ్వింది. "ఫికర్ చేయకమ్మా, రెండూ ఉంటయ్" అంటూ రెండింటినీ కలిపే ఇంకో మార్పు రాసింది. వెంటనే మొదటి ఆర్డర్ మోగింది. బిడ్డ చదివింది: "గుత్తి వంకాయ. కారం: జర తక్కువ. చిరునామా: అత్తమ్మ వెనకాల."

వెనక్కి తిరిగి చూస్తే అల్లుడు ఒక చేత ఫోను, ఒక చేత ప్లేటు పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు వాళ్లు కొట్లాడితే నేను భయపడను, కూర వడ్డిస్తాను.