మామ్మ మాగేసిన ఈస్ట్

ఆ రోజుల్లో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ అంటే గరివిడి దగ్గర మా ఊళ్లో మందుల కొట్టు పెట్టే చదువనుకునేవారు. (మా మామ్మ చివరిదాకా అలాగే అనుకుంది.) నేను చేసే పనల్లా బ్రెడ్డు పొంగించే ఈస్ట్‌ను మూతలున్న చిన్న ప్లేట్లలో చుక్కలు చుక్కలుగా పెంచడం. దాని జన్యువుల్లో చాలావాటికి మనవాటితో పోలిక ఉంది. ఏదైనా జన్యువు చెడితే ఏమవుతుందో మనిషిలో కన్నా దానిలో తేలిగ్గా చూడొచ్చు. నేను చూడాల్సిన జన్యువు చెడితే, తెల్లచుక్కల మధ్య ఎర్రచుక్క మొలుస్తుంది. అది మొలిస్తేనే నా ప్రాజెక్టు గట్టెక్కేది, లేకపోతే మళ్లీ ఏడాది చదవాలి. ఎన్ని ప్లేట్లు వేసినా అన్నీ తెల్లగానే వచ్చేవి.

ఆఖరి ప్లేట్లు వేసేసరికి కాలేజీలో వాటిని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ చెడిపోయింది. "ఇంట్లో ఎండ తగలని వెచ్చని చోట పెట్టుకోమ్మా, చాలు" అన్నారు నా ప్రాజెక్టు చూసే మేడమ్. మా ఇంట్లో అలాంటి చోటు మామ్మ మామిడికాయలు మాగేసే గది. గడ్డిలో కాయల పక్కనే ప్లేట్లు సర్దాను. ఆ గదిలో ఏది పెట్టినా దాని మంచిచెడ్డలు మామ్మవేనన్న సంగతి మరిచిపోయాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి, మోకాళ్ల నొప్పులని ఇంట్లో ఉండిపోయిన మామ్మ గుమ్మంలో తృప్తిగా కూర్చుని ఉంది.

"ఒసే, నీ సామాను సూసినాను. అన్నీ తెల్లగా బాగున్నాయి. ఒక్కటి ఎర్రగా మురిగిపోనాది. మిగతావాటికి అంటుకుంటాదని గీకి పారేసినాను."

(కుళ్లిన కాయను గడ్డిలో ఒక్క పూట ఉంచినా ఆవిడకు నిద్రపట్టేది కాదు.) నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

"కుళ్లుకి ఏడుస్తావేటే?"

"నాకు కావలసింది ఆ చెడిందే మామ్మా."

"సెడినదానికి సదువేటే" అని కొంగుతో నా ముఖం తుడిచింది. "సీపురు ఈనుపుల్లతో గీకినాను. సూరులో దోపినాను, సూడు."

ఆ పుల్ల కొసను మిగిలిన కొత్త ప్లేటు మీద రాశాను. ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మామ్మ కళ్లు మూసుకుని, "పెబువా, నా మనవరాలి కుళ్లు మళ్లీ మొలవనియ్యి" అంది. ఇంటిల్లిపాదీ ఆమెన్ అన్నారు. మొలిచింది. దాంతోపాటు పచ్చబూజు, నల్లబూజు కూడా మొలిచాయి. "ఈ అడవెక్కడిదమ్మా" అంటూనే మేడమ్ అందులోంచి ఎర్రచుక్కను ఏరి ఇచ్చారు. గట్టెక్కాను.

ఇప్పుడూ నాది అదే పని. ఇంక్యుబేటర్ మంచిదే, కరెంటూ పోదు. అయినా ప్లేట్లు లోపల పెట్టి తలుపు మూసేటప్పుడు మామ్మ ప్రార్థనే చేసుకుంటాను. గుమ్మంలో ఏడ్చిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఆమెన్ మాత్రం నేనొక్కదాన్నే చెప్పుకోవాలి.