అరవై రెండు కొట్టిన చెయ్యి

థాయిలాండ్‌లోని లంపాంగ్ బజారులో కంప్యూటర్లు బాగుచేసే బున్‌లెర్ట్ దగ్గర ఒకప్పుడు ఏ రోగానికైనా ఒకటే మందు ఉండేది: మొత్తం తుడిచేసి మళ్లీ ఎక్కించడం. తెర మీద ఏం రాసి ఉందో చదివే ఓపిక అతనికి లేదు. జనం మొనగాడన్నారు, అతనూ నమ్మేశాడు.

ఒకరోజు రిటైరైన బడిపంతులు సంగియం తన పాత కంప్యూటర్‌ను మోటారుసైకిల్ వెనక కట్టుకొచ్చాడు. పల్లెల్లో ముసలివాళ్ల నోట విన్న మాటలను తొమ్మిదేళ్లుగా ఒక నిఘంటువు ప్రోగ్రాంలో రాసుకుంటున్నాడాయన. ఇప్పుడది తెరవబోతే ఏదో ఫైలు లేదంటూ మూసుకుపోతోంది.

"నా మాటలు మాత్రం జాగ్రత్త నాయనా! ఇంకెక్కడా కాపీ లేదు."

"మీరు వెళ్లి నూడుల్స్ తిని రండి మాస్టారూ, వచ్చేసరికి పరుగులు పెట్టిస్తాగా!"

పైకి కనిపించిన ఫైళ్లు నాలుగు పక్కన పెట్టి, మిగతాదంతా తుడిచేశాడు బున్‌లెర్ట్. మాటలన్నీ ఆ ప్రోగ్రాం సొంత అరలో ఉన్నాయి. అతను అటు తొంగి కూడా చూడలేదు. అంతా కొత్తగా ఎక్కించి తెరిస్తే మళ్లీ అదే ఫైలు, అదే గోల. అప్పుడు గానీ తెర మూలన ఉన్న తేదీ మీద అతని చూపు పడలేదు. 2062! తన వాడకపు గడువు దాటిపోయిందనుకుని ప్రోగ్రాం మొరాయిస్తోంది, ఫైలు లేదన్నది ఉత్త సాకు. 2019 అని దిద్దగానే తెరుచుకుంది. లోపల ఒక్క మాటా లేదు.

తిరిగొచ్చిన పంతులుగారు ఖాళీ తెరలో తన మాటల కోసం వెతికాడు. తేదీ సంగతి విన్నాక ఆయన ముఖం పాలిపోయింది.

"అది వేసింది నేనేనయ్యా. బ్యాటరీ మార్చాక ఏ సంవత్సరమని అడిగింది. మన బుద్ధశకం లెక్కన ఇది ఇరవై ఐదు వందల అరవై రెండు కదా, అరవై రెండు కొట్టాను. దానివల్లే నా మాటలు పోయాయా?"

కాదు, నేనే తుడిచేశాను అంటే సరిపోయేది. బున్‌లెర్ట్ అవునన్నట్టు తల ఊపాడు.

"పోనీలే నాయనా, నువ్వు మాత్రం ఏం చేస్తావు," అంటూ ఆయనే ఓదార్చాడు.

ఇప్పుడు బున్‌లెర్ట్ తెర మీది ప్రతి అక్షరం చదువుతాడు, తేదీ చూస్తాడు, అన్నీ కాపీ తీసుకున్నాకే చెయ్యి వేస్తాడు. అంత నెమ్మదేమిటని జనం విసుక్కుంటారు.

రెండేళ్ల తర్వాత పంతులుగారి భార్య ఆ కంప్యూటర్‌ను ఎవరికైనా ఇచ్చెయ్యమని తెచ్చింది.

"ఆయన మళ్లీ ఒక్క మాటా రాయలేదు బాబూ. నా చేత్తో నేనే చంపుకున్నానే అంటూనే పోయారు."

ఆమె వెళ్లేదాకా బున్‌లెర్ట్ తల ఎత్తలేదు. తప్పు ఎవరి ముందు ఒప్పుకోవాలో ఆ మనిషి ఇక లేడు.