ఫ్యూయల్ పంపు మార్చిన వానాకాలం

నేను ఇంజన్ రూములో పడిపోయింది వానలు మొదలయ్యే ముందు. హావ్‌లాక్ దీవి నుంచి మా ఫెర్రీ తిరిగొస్తోంది. నిచ్చెన పట్టుకున్నంత వరకే గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది ఆసుపత్రి గది పైకప్పు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. వచ్చింది మూర్ఛ లాంటిదే. మళ్లీ రావచ్చు, రాకపోనూ వచ్చు. అది తేలేదాకా ఆర్నెల్లు ఇంజన్ రూములోకి దిగకూడదు, బండి నడపకూడదు.

పెళ్లికి ముందు నుంచీ పడవల ఇంజన్ల మధ్యే బతికినవాణ్ణి. ఆస్టినాబాద్‌లో మా ఇంట్లో పగటిపూట ఉండే నిశ్శబ్దం నాకు కొత్త. పొద్దున్నే లేచి, ఎక్కడికీ వెళ్లేది లేదని గుర్తొచ్చి, మంచం అంచున కూర్చుండిపోయేవాణ్ణి. కారుతున్న కొళాయి బాగుచేశాను. బాగానే తిరుగుతున్న ఫ్యాను విప్పి మళ్లీ బిగిస్తే అది చప్పుడు చేయడం మొదలుపెట్టింది. నా భార్య స్కూల్లో హిందీ చెబుతుంది. సాయంత్రం వచ్చి చెప్పులైనా విడవకుండా ముందు నా మొహం చూసేది. ఆ చూపు నాకు నచ్చేది కాదు.

ఆ ఫ్యాను తర్వాత నా కళ్లు షెడ్డులోని కారు మీద పడ్డాయి.

అది రెండు తలుపుల పాత స్పోర్ట్స్ కారు. ఇక్కడికి బదిలీ మీద వచ్చిన ఒక ఆఫీసరు ముచ్చటపడి ఓడలో తెచ్చుకున్నాడు. తిరిగి వెళ్లేటప్పుడు తీసుకెళ్లలేక నాకు అమ్మేశాడు. మా దీవిలో దాని వేగానికి సరిపడా రోడ్డే లేదు. గట్టిగా రెండు మలుపులు తిరిగేసరికి సముద్రమో, ఎదురుగా ఆవులో వచ్చేస్తాయి. అయినా దాని గొంతు వింటే నాకు ప్రాణం లేచొచ్చేది. నేను పడిపోవడానికి కొద్దిరోజుల ముందే అది కూడా రోడ్డు మీద రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. తోసుకొచ్చి షెడ్డులో పెట్టి, టార్పాలిన్ కప్పేశాను.

టార్పాలిన్ తీస్తుంటే నా భార్య వాకిట్లోకి వచ్చింది.

“డాక్టరు వద్దన్నారు కదండీ.”

“నడపొద్దన్నాడు. విప్పొద్దనలేదు.”

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని దగ్గరకొచ్చింది. “ఏటి చెయ్యాలో చెప్పండి.”

ఆమెను సీట్లో కూర్చోబెట్టి తాళం ఒక మెట్టు మాత్రమే తిప్పమన్నాను. ఇలాంటి కారులో పెట్రోలును ఇంజనుకు తోసే పంపు ట్యాంకు లోపలే మునిగి ఉంటుంది. తాళం తిప్పగానే వెనకనుంచి సన్నగా జుమ్మని మోగి ఆగిపోవాలి. నేను డిక్కీలో తలపెట్టి విన్నాను. ఏమీ లేదు. ఫ్యూజు చూశాను, బాగానే ఉంది. కరెంటు అందించే రిలే రెండింటికీ ఒకటే రకం కాబట్టి హారన్ రిలే తీసి పంపు రిలే చోట పెట్టాను, మార్పు లేదు. చివరికి ట్యాంకు అడుగున చెక్క సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, “స్టార్ట్ చెయ్యి” అని అరిచాను. ఇంజను ఒక్కసారి అందుకుంది, కాసేపు తిరిగి ఆగిపోయింది. పంపు పోయిందని అర్థమైంది. చచ్చేముందు ఒకసారి కళ్లు తెరిచిందంతే.

పంపు చెన్నై నుంచి రావాలి. పార్సిలు ఓడెక్కిందని దుకాణంవాడు ఫోన్ చేశాడు. అంతలో సముద్రం పాడైంది. ఓడ రేపన్నారు, ఎల్లుండన్నారు. నేను ఇంట్లో ఉండలేక రోజూ గొడుగు పట్టుకుని ఓడలు ఆగే హాడో వార్ఫు దాకా వెళ్లి గేటు దగ్గర అడిగి వచ్చేవాణ్ణి. అక్కడినుంచి మా ఫెర్రీలు ఆగే ఫీనిక్స్ బేకి పోకూడదనుకుంటూనే కాళ్లు అటే తీసుకెళ్లేవి. మా బోటు జెట్టీకి కట్టి ఉంటే గుండె అదోలా అయ్యేది. బయల్దేరి వెళ్లిపోయి ఉంటే ఇంకా అదోలా అయ్యేది.

ఒకరోజు మా సరంగు నన్ను చూశాడు. బోటు నడిపేది ఆయనే. నాలాగే ఇక్కడే పుట్టినవాడు, శ్రీకాకుళం వైపునుంచి వచ్చినవాళ్ల కొడుకు.

“ఏటి బావా, రోజూ వస్తన్నావంట. ఇంటికాడ మనసు నిలవట్లేదా?”

“ఫ్యూయల్ పంపు కోసం వచ్చాను. చెన్నై ఓడలో రావాలి.”

పక్కనే బస్తా మీద కూర్చున్న కూలీకి మా తెలుగు సగమే అర్థమై, పెట్రోలు బంకు అనుకున్నట్టుంది. “పెట్రోల్ పంపా భయ్యా? దానికి ఓడెందుకు, ఊర్లోనే ఉంది కదా!” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సరంగు మాత్రం నవ్వలేదు. “నీ ప్లేసులో కొత్తోడొచ్చాడు. పర్లేదు, బానే చేస్తన్నాడు,” అన్నాడు. నా మనసు తేలికవుతుందని అన్నాడేమో. ఇంటికి నడిచి వచ్చేంతసేపూ ఆ మాటే చెవిలో తిరిగింది.

ఎట్టకేలకు పంపు వచ్చింది. ఆదివారం ఇద్దరం కలిసి వేద్దామని నా భార్య అంది. సరేనన్నాను. శుక్రవారం ఆమె స్కూలుకు వెళ్లగానే షెడ్డులోకి వెళ్లాను. వాన జల్లు లోపలికి కొడుతోందని తలుపు దగ్గరగా వేశాను.

బ్యాటరీ వైరు తీశాను. డిక్కీలో కార్పెట్ ఎత్తితే ఒక రేకు మూత, దాని కింద ట్యాంకు మూత. గొట్టంలో పెట్రోలు ఒత్తిడితో ఉండిపోతుంది, ఒక్కసారిగా విప్పితే మొహాన కొడుతుంది. అందుకని గుడ్డ చుట్టి మెల్లగా వదులు చేశాను. ట్యాంకు మూతను పట్టి ఉంచే పెద్ద రింగు ఉప్పుగాలికి తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఇనుముతో కొడితే నిప్పురవ్వ వస్తుంది కాబట్టి చెక్కముక్క ఆనించి కొట్టాను. సగం వంగి, తల డిక్కీలో పెట్టి, ఎంతసేపు కొట్టానో తెలీదు. రింగు కదిలింది. మూత ఎత్తాను.

నేను డీజిలు మనిషిని. పెట్రోలు ఆవిరి ఎంత తొందరగా తలకెక్కుతుందో పుస్తకంలో చదివినంత వరకే తెలుసు. ముందు చెవుల్లో హోరు మొదలైంది. తర్వాత వేళ్లు నావి కానట్టు అనిపించాయి. ఇంజన్ రూములో పడిపోయే ముందు కూడా ఇలాగే ఉందా అని గుర్తు తెచ్చుకోబోయాను, గుర్తు రాలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. వెనక్కి జరిగి గోడకు ఆనుకుని కూలబడ్డాను. తలుపు చేతికందేంత దూరంలోనే ఉంది. చెయ్యి లేవలేదు.

వాన ఎక్కువై ఆరోజు స్కూలు ముందే వదిలేశారు. తలుపు తెరుచుకుని వెలుగు మీద పడేసరికి నా భార్య ఎదురుగా నిలబడి ఉంది. నా చంకల కింద చేతులు వేసి వరండాలోకి లాగింది. ఇద్దరం తడిసిపోయాం. నాకు ఊపిరి కుదుటపడేదాకా వీపు రుద్దింది. అప్పుడు మొదలుపెట్టింది. కోపం వస్తే తప్ప ఆమె నన్ను నువ్వు అనదు.

“బోట్లో పడిపోయినపుడు నీ చుట్టూ మనుషులున్నారు. ఇక్కడెవలున్నారు? పక్కింటోళ్లు కూడా లేరు ఈవేళ. నానొచ్చేసరికి ఏటైపోయేవాడివి?”

“మూర్ఛ కాదు. పెట్రోలు వాసన.”

“ఏదైతే ఏటి! ఆదివారం దాకా ఆగలేవా?”

“ఆగలేను,” అన్నాను. “రోజంతా ఏం చెయ్యాలో తెలీట్లేదు. నా ప్లేసులోకి ఎవరో వచ్చేశాడంట. బానే చేస్తున్నాడంట.”

పడిపోయిన రోజునుంచీ నేను ఆమెతో అలాంటి మాట అనలేదు. ఆమె కోపం అక్కడే ఆగిపోయింది. పక్కన కూర్చుని తడి జుట్టు పిండుకుంది. కాసేపటికి లేచి, షెడ్డు తలుపులు బార్లా తెరిచి, ట్యాంకు కన్నం మీద మందపాటి గుడ్డ కప్పి వచ్చింది. “బట్టలు మార్చుకోండి. టీ పెడతాను,” అంది. మళ్లీ మీరు అయ్యాను.

ఆదివారం గాలి బాగా వీచింది. కారును తోసి ఆరుబయట పెట్టాం. నేను పక్కన నిలబడి చెబుతుంటే ఆమే పంపును ఫ్రేముతో సహా బయటికి తీసింది. సన్నటి చెయ్యి కాబట్టి నాకన్నా తేలిగ్గా వంచి తీసింది. అడుగున పెట్రోలును వడకట్టే జాలీ బురదరంగులోకి తిరిగిపోయి ఉంది. వరండాలో చాప మీద కూర్చుని కొత్త పంపు, కొత్త జాలీ బిగించాం. మళ్లీ ట్యాంకులో దింపాక నేను మూత పెట్టి పెద్ద రింగు తిప్పబోయాను. ఆమె ఆపింది.

“ఈ రబ్బరు రింగు పాతదే పెట్టారేటి? డబ్బాలో కొత్తది ఉంది కదా.”

తొందరలో మర్చిపోయాను. పగిలిన పాత రింగుతో మూస్తే కారు నిండా పెట్రోలు వాసనే. తీసి కొత్తది వేశాం. బ్యాటరీ తగిలించాక ఆమె సీట్లో కూర్చుని తాళం ఒక మెట్టు తిప్పింది. జుమ్మని మోగి ఆగింది. గొట్టం నిండాలని మరోసారి తిప్పించాను, ఇంకోసారి. తర్వాత స్టార్ట్ చేయమన్నాను. కాస్త సణిగి, దగ్గి, ఇంజను అందుకుంది. నేను బోనెట్టు మీద రెండు అరచేతులూ ఆనించి నిలబడ్డాను. ఆ అదురు మోచేతుల దాకా వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పెట్రోలు వల్ల అని చెప్పలేను, గాలి అంత బాగా వీస్తోంది.

“ఎక్కండి,” అంది. లైసెన్సు ఆమెకూ ఉంది. కానీ ఈ కారు స్టీరింగు ఎప్పుడూ నా చేతిలోనే ఉండేది.

కార్బిన్స్ కోవ్ వైపు సముద్రం పక్క రోడ్డు పట్టింది. ఎడమ సీటునుంచి ఆ కారు నాకు పరాయి బండిలా ఉంది. ప్రతి మలుపులోనూ లేని బ్రేకు తొక్కుతున్నాను.

“ఆ కాలు ఊరుకోదా?”

“ఊరుకోదు.”

“అయితే తొక్కుతూనే ఉండండి,” అంది, గేరు మార్చి కాస్త వేగం పెంచింది. నాకు భయమేసింది, నచ్చింది కూడా.

ఆర్నెల్ల తర్వాత బండి నడపొచ్చన్నారు. బోటు ఇంజన్ రూము మాత్రం ఇక వద్దన్నారు. నన్ను హాడోలో బోట్ల మరమ్మతుల షెడ్డులో వేశారు. కారును ఇప్పుడు స్కూలుకు ఆమే తీసుకెళుతుంది. నా పని మంచి పనే. రిపేరుకొచ్చిన ఇంజన్లు విప్పుతాను, బిగిస్తాను. బోటును నీళ్లలో నడిపి చూసేటప్పుడు మాత్రం నన్ను గట్టునే ఉండమంటారు. బోటుకూ గట్టుకూ మధ్య వేసిన పలక మీదుగా దిగి, తాడు విప్పేదాకా అక్కడే నిలబడతాను. బోటు ఒడ్డు వదిలాక కాళ్లు ఓ చోట నిలవవు. షెడ్డు ఈ కొసనుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉంటాను, అది తిరిగొచ్చేదాకా.