షాఫ్టు బండి కూత

వెనక చక్రం దగ్గరి గేర్ల డబ్బాకు స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడిని చెవికి నొక్కిపెట్టి మెకానిక్ రెండోసారి విన్నాడు. బండి స్టాండు మీద ఉంది. చక్రం మూడో గేరులో తిరుగుతోంది.

"బాగుందమ్మా. వెళ్లిరా" అన్నాడు.

బండి పక్కనే నిలబడ్డ నర్సుది. అంతకుముందు వాళ్ల నాన్నది. చెయిను లేని పాతకాలపు మోటారు సైకిలు. గేరుబాక్సు నుంచి వెనక్కి ఇనుప షాఫ్టు వెళ్తుంది, దాని చివర మళ్లీ గేర్లు, వాటికి వేరే ఆయిలు. కొండ మీది ఇళ్లకు కట్లు మార్చడానికి ఆమె దాని మీదే తిరుగుతుంది. ఇలాంటి బళ్లు బాగుచేసేవాడు ఆ చుట్టుపక్కల ఇతనొక్కడే. వీధిలో చెవి డాక్టరంటారు. ఆయిలు దించకుండానే ఏ గేరు అరిగిందో చెప్పేస్తాడని పేరు. ఆ పేరు మీదే ఇన్నేళ్లూ ఇల్లు గడిచింది. బండి బాగుందని చెవి చెప్పాక ఇక బోల్టు జోలికి వెళ్లడు.

నర్సు హెల్మెట్ అందుకుంటుంటే, షెడ్డులో ఓ మూల సీటు కవర్లు కుట్టే అతని భార్య మిషను ఆపింది.

"ఆగమ్మా. అది కూస్తోంది."

"ఏది కూసేది?" అన్నాడతను.

"వెనక. సన్నగా, కుక్కపిల్ల మూలిగినట్టు."

"ముందు నీ మిషనుకి నూనె వేసుకో. గేర్ల సంగతి నాకొదిలెయ్."

"పొద్దున కుక్కరు కూతలు పెడుతుంటే పక్కనే కూర్చున్నారు. మాడు వాసనొస్తేగానీ లేవలేదు."

నర్సు నవ్వబోయి, అతని ముఖం చూసి మానేసింది. "నాకేం వినపడలేదే వదినా?"

"హెల్మెట్లో గాలి హోరు తప్ప నీకింకేం వినపడుతుంది!"

అతను ఇంజను ఆపాడు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. వదులు లేదు. అక్కడితో సరిపెట్టుకోవచ్చు. కానీ ఏడాదిగా పిడి చెవికి ఆనించినప్పుడల్లా చప్పుడు దూరం జరిగినట్టుంటోంది. బళ్ల చప్పుడే తగ్గిందని అనుకుంటూ వచ్చాడు. అలా అనుకోవడం తేలిక.

ముందు ఆయిలు పోసే పై బోల్టు వదులు చేశాడు. అది బిగుసుకుపోయిందేమో చూసుకోకుండా కిందది విప్పితే, ఉన్న ఆయిలు పోతుంది, కొత్తది పోసే దారి ఉండదు. తర్వాత కింది బోల్టు తీశాడు. వెచ్చటి ఆయిలు ట్రేలోకి జారింది. బోల్టు కొసన అరుగుడు పొడిని పట్టే అయస్కాంతాన్ని బొటనవేలితో తుడిచి, వేలిని వెలుతురులో పెట్టాడు.

నర్సు వంగి చూసింది. "ఆ మాత్రం పొడి ఉండదా అన్నా?"

"కాటుకలా మెత్తగా ఉంటే పర్లేదు. ఇవి రేకులు. బేరింగు పొరలు లేస్తోంది."

"అయితే?"

"కొండ దిగుతుంటే చక్రం పట్టేస్తే ఇంకేముంది."

ఆమె భుజాన ఉన్న సంచి దించింది. "మరి ఇందాక బాగుందన్నావు?"

భార్య అందుకుంది. "నా మిషను రొదలో..."

"మిషను కాదు" అన్నాడతను. "నాకు వినపడలేదు."

ఆ మాట అతను పైకి అనడం అదే మొదలు.

"చెవిలో గుబిలేమో అన్నా, చూపించుకో."

"గుబిలైతే బాగుండు. ఏడాది పైనే అయింది."

"ఈ ఏడాదిలో ఎన్ని బళ్లు చెవితో చూసి పంపావు?" మందలింపేమీ లేకుండా, మంచం పక్కన నిలబడి రోగిని అడిగినట్టే అడిగింది నర్సు.

భార్య తన స్కూటరు తాళం ఆమె చేతిలో పెట్టి పంపించింది.

తర్వాత అతను చేతులు కడుక్కుని ఫోను భార్యకు ఇచ్చాడు. "ఈ ఏడాది బండి తెచ్చినవాళ్లకి ఒక్కొక్కరికీ చెయ్యి. బండి మళ్లీ తెమ్మను. నేను సరిగా వినలేదని చెప్పు."

"అలా చెప్తే రేపట్నుంచి ఎవరు తెస్తారండీ మన దగ్గరికి?"

"చెప్పకపోతే ఎవడు ఎక్కడ పడిపోతాడో నాకెలా తెలుస్తుంది?"

ఆమె నంబర్లు నొక్కడం మొదలుపెట్టింది.

పది రోజుల్లో పదమూడు బళ్లు తిరిగొచ్చాయి. అన్నిటి ఆయిలూ దించాడు. రెండిటిలో రేకులు తేలాయి. ఒకాయన ఇంకా ఫోను ఎత్తలేదు.