వెక్కిరింత బొమ్మలాయన

బొమ్మలాయన కుడి భుజం కాస్త కిందికి జారి ఉంటుంది. ఏళ్ల తరబడి బల్ల మీదికి వంగి, మనుషుల ఆశలను వెక్కిరిస్తూ బొమ్మలు గీసినందుకు మిగిలిన వంపు అది. గీసేటప్పుడు నాలుక కొస పంటి కింద పెట్టుకుంటాడు, అయ్యాక సిరా వేళ్లు చొక్కాకే తుడిచేస్తాడు. మేడ మీద ఇంకో మేడ కలగనే షావుకారు, పై అధికారి కుర్చీని కళ్లతోనే కొలిచే గుమాస్తా, యజమానురాలి గొలుసు తుడుస్తూ తన మెడకు ఆనించి చూసుకునే పనిమనిషి, అందరూ ఆ వేళ్లకు దొరికిపోయినవాళ్లే.

మొన్న తన బొమ్మల ప్రదర్శనలో ఆయన స్తంభం చాటున నిలబడి జనం మాటలు విన్నాడు. అచ్చం అలాంటి షావుకారే ఒకడు షావుకారు బొమ్మ ముందు ఆగి, "మా బావమరిదే వీడు" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఓ గుమాస్తాకు పక్క సీటువాడు గుర్తొచ్చాడు. ఎవరికీ చురక తగల్లేదు. బొమ్మలాయనకు నీరసం ముంచుకొచ్చింది. కాళ్లు పీకుతున్నా కదల్లేదు.

"ఇంటికి పోదాం రండి, పొద్దుటినుంచీ ఏమీ తినలేదు," అంది భార్య.

"ఆగవే, ఆ వచ్చే ఆవిడ ఏమంటుందో విని వస్తా."

"ఇప్పటిదాకా విన్నది చాల్లేదా?"

"బాగా గీశాడని ఒక్కరూ అనలేదే," అన్నాడు, గొంతు తగ్గించి.

భార్య కూడా స్తంభానికి ఆనుకుని పక్కనే నిలబడింది. ఆ వచ్చినావిడ గోడల వైపు కన్నెత్తైనా చూడకుండా నేరుగా ఆయన దగ్గరికే నడిచి, మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయని అడిగింది.