రాని వానల లతీఫ్ సాబ్

వాన ఎప్పుడొస్తదో లతీఫ్ సాబ్ వేళ్లకు ముందే తెలుస్తది. తెలవనిది ఒక్క వానకే. కోస్గి బజారుల ఎవర్నడిగినా గీ ముచ్చట చెప్తరు, చెప్పి నవ్వుతరు. ముప్పై ఏండ్లు దూది ఏకీ ఏకీ ఆయన వేళ్ల కణుపులు అల్లం కొమ్ముల లెక్క ఉబ్బినయ్. వేరేటోళ్లయితె దవాఖానకు పోదురు. లతీఫ్ సాబ్ వాతావరణ శాఖ పెట్టిండు.

ఆ శాఖకు పద్ధతులున్నయ్. చిటికెనవేలు నొప్పితోటి గుంజితె తుంపర. నడిమివేలు గుంజితె ముసురు. బొటనవేలు గుంజిందంటె చెరువులు తెగుడే. అన్ని వేళ్లు ఒక్కసారే గుంజితె ఏమైతదని ఎవరో అడిగిండ్రు. "గప్పుడు చెప్పనీకె నేనుండ, విననీకె నువ్వుండవు" అన్నడు.

దూది ఏకే మిషన్లు వచ్చినంక ఆయన పాత చీరెల బొంతలు కుట్టుడు మొదలువెట్టిండు. ఇంటి ముందట వాకిట్ల చాపలు పరిచి, చీరెలు పొరలు పొరలుగ వేసి, నడుమ పల్చగ దూది పెట్టి, గీ అంచు నుంచి ఆయన, గా అంచు నుంచి సత్తమ్మ కుట్టుకుంట వస్తరు. సత్తమ్మ గొర్లోళ్ల ఇంటామె. మోకాళ్లు మొరాయించి మంద ఎంబడి తిరుగుడు బందైనంక, ఐదేండ్ల సంది గీ పనిల ఉన్నది. లతీఫ్ సాబ్ కోడలు అల్మాస్ చీరెలు కత్తిరిస్తది, మిషన్ మీద అంచులు కుడతది, ఫోన్ల గిరాకీ మాట్లాడతది, మామను భరిస్తది. నాలుగు పనులల్ల ఆఖరిదే బరువు.

దూది తడిస్తె బొంత ఖరాబైతది. అందుకని మామ వాన అన్నడంటె అన్నీ మడిచి ఇంట్లకు మోయాలె. లోపట అరగంట కూసోవాలె, చాయ్ తాగాలె, మబ్బు లేని ఆకాశాన్ని దర్వాజల నుంచి చూడాలె. మళ్ల మోసుకొచ్చి పరవాలె. గిది పొద్దుగాల రెండుసార్లు, పగటీలి దాటినంక రెండుసార్లు.

"సత్తమ్మా, మడువు. నడిమివేలు గుంజుతాంది."

"మామూ, ఎండకు చాప కాలుతాంది" అనేది అల్మాస్.

"వానకు ముందు ఎండ గట్లనే కొడతది."

"ఫోన్ల చూసిన. వారం దాక వాన లేదు."

"నీ ఫోన్‌కు ఎముకలున్నయా?"

ఎముకలు లేని ఫోన్‌ను అల్మాస్ పక్కకు పెట్టేది. సత్తమ్మ మాత్రం ఎదురు చెప్పకపోయేది. సూదిని బొంతల గుచ్చి, "లతీఫన్న అన్నడంటె రాకపోతదా" అనుకుంట చాప చుట్టుడు మొదలువెట్టేది. మూడేండ్ల సంది వచ్చినదానికన్న రాకపోయిందే ఎక్కువ.

పోయిన ఉగాది సంది అల్మాస్ లెక్క పెట్టింది. మామ చెప్పినంక వచ్చిన వానలు మూడు. చెప్పకుండ వచ్చినయి పదకొండు. గా పదకొండింటి సంగతేందని అడిగితె, "అవి వేరే మండలం వానలు, తొవ్వ తప్పి వచ్చినయ్" అన్నడు.

ఊరందరిల ఆ వేళ్లను నమ్మినోడు పక్కింటి మారయ్య ఒక్కడే. మాఘమాసంల ఆయన వాకిట్ల కందులు ఎండవోసిండు. లతీఫ్ సాబ్ వేలు గుంజినప్పుడల్ల సంచులకెత్తి లోపటేసిండు, మళ్ల బైటికి గుంజిండు. నాలుగో దినం నడుం పట్టుకొని వచ్చిండు.

"సాబ్, నీ వేలు అబద్ధం చెప్తాంది."

"వేలు అబద్ధమెందుకు చెప్తది. ఆ వాన మద్దూరు దిక్కు పోయింది."

"మద్దూరుల మా బామ్మర్ది ఉన్నడు. చినుకు పడలేదన్నడు."

"మీ బామ్మర్ది ఎప్పుడన్న నిజం చెప్పిండా?"

మారయ్య ఆలోచనల పడ్డడు. ఆ విషయంల బామ్మర్దికి నిజంగనే మంచి పేరు లేదు. నడుం అట్లనే పట్టుకొని వాపసు పోయిండు.

గా మాఘమాసంలనే హైదరాబాద్‌ల బట్టల దుకాణం నడిపే అరుణమ్మ ఫోన్ చేసింది. నెల రోజులల్ల పన్నెండు బొంతలు కావాలన్నది. నచ్చితె ఏడాది పొడుగూత పనిస్తనన్నది. అల్మాస్‌కు గంత పెద్ద గిరాకీ ఎన్నడు దొరకలేదు. ఇరవై దినాలైనంక చూసుకుంటె ఐదు బొంతలైనయ్. మిగిలినయన్నీ రాని వానల్ల కొట్టుకపోయినయ్.

అల్మాస్ బజారుకు పోయి నీలిరంగు టార్పాలిన్ పరదా తెచ్చింది. గోడకు మేకులు కొట్టి, వాకిట్ల రెండు గుంజలు పాతి, నాలుగు మూలలకు తాళ్లు బిగించింది.

"ఇగ ముసురు రానీ మామూ, వడగండ్లు రానీ. మడిచే పనే లేదు."

లతీఫ్ సాబ్ పరదా కింద నిలవడి పైకి చూసిండు. "గాలి వస్తె?"

"తాళ్లు కట్టిన."

"ఉరుములు ఉరిమితె?"

"ఉరుముకు దూది తడవదు."

వాతావరణ శాఖ ఆ పూటనే మూతవడ్డది.

ఆ దినం పని చూడాలె. పొద్దుగాల కూసున్నోళ్లు అన్నం తిననీకె తప్ప లేవలేదు. లతీఫ్ సాబ్ రెండుసార్లు వేలు పైకెత్తిండు, పరదాను చూసి దించిండు. సత్తమ్మ సైకిల్ ట్యూబు ముక్కతోటి సూదిని పట్టి గుంజింది. పట్టు దొరకకపోతె పండ్లతోటి గుంజింది. నోట్ల ఉన్నయే ఆరు పండ్లు.

"జర ఆగు చెల్లె" అన్నడాయన.

"ఎందుకాగాలె, వాన లేదు గద" అన్నది.

పొద్దుమీకే యాళ్లకు ఒకటిన్నర బొంత అయ్యింది. అల్మాస్ సంబురంగ చాయ్ పోసుకొచ్చింది. సత్తమ్మ గ్లాసు అందుకున్నది గని వేళ్లు ముడుచుకోలేదు. గ్లాసు జారి కొత్త బొంత మీద పడ్డది.

"మస్తు వేడిగున్నది బిడ్డా" అన్నది, చెయ్యి కొంగు కింద పెట్టుకుంట. చాయ్ అంత వేడిగ ఏం లేదు. ఆ సంగతి అల్మాస్‌కు తెలుసు.

తెల్లారి సత్తమ్మ పనికి రాలేదు. మరునాడు గూడ రాలేదు. లతీఫ్ సాబ్ ఒక్క కుట్టు వెయ్యలేదు. మూడోనాడు స్టూలెక్కి పరదా తాళ్లు విప్పబోయిండు. ఆ వేళ్లకు ముడి ఎక్కడ ఊడుతది? అల్మాస్ వచ్చి స్టూలు కదలకుండ పట్టుకున్నది.

"మామూ, నిజం చెప్పు. నీ వేళ్లకు వాన తెలుస్తదా?"

ఆయన ముడి దిక్కే చూసిండు. "నాకేం తెలుస్తది. నొప్పి దినాం ఉంటది. వాన దినాం ఉంటదా?"

"మరి ఎందుకు గిదంతా?"

"మూడేండ్ల కింద సత్తమ్మను దవాఖానకు నేనే తోల్కపోయిన. గంటకోసారన్న సూది కింద పెట్టాలె, చేతులు వేడినీళ్లల్ల పెట్టాలె, లేకుంటె వేళ్లు వంకరపోతయన్నది డాక్టరమ్మ. సత్తమ్మ వింటదా? ఆగు అంటె, నాకేమైందని ఆగాలె అంటది. చాతకాదని పనిలకెళ్లి తీసేస్తమని భయం. అందుకని వాన మీద పెట్టిన. తిట్టినా వాన ఏమనుకోదు."

"ఊరోళ్లు తిట్టింది వానను కాదు, నిన్ను."

"నేను గూడ ఏమనుకోను."

అల్మాస్ ఆయనను స్టూలు దిగమన్నది. తనే ఎక్కి నాలుగు ముడులు విప్పింది.

ఆ పగటీలి సత్తమ్మ ఇంటికి పోయింది. సత్తమ్మ అరుగు మీద కూసోని, పసుపు పట్టించి గుడ్డపేలికలు చుట్టిన చేతులతోటి మేకపిల్లకు ఆకు పెడుతాంది.

"అత్తా, నా తప్పయింది. మామ అంతా చెప్పిండు" అని అల్మాస్ వాన సంగతి మొత్తం చెప్పింది.

సత్తమ్మ విని విని, కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది.

"పిచ్చిదానా, గొర్ల ఎంబడి నలభై ఏండ్లు తిరిగిన. గాలి ముక్కుకు తాకితె చెప్త వాన ఏ దిక్కున్నదో. మాఘమాసం ఎండల వానొస్తదంటె నమ్ముతనా?"

"మరి అన్నప్పుడల్ల ఎందుకు మడిచినవ్?"

"మీ మామ చేతులు చూసినవా? ముందుగాల గా చేతులు చూడు. నొప్పులున్నయని నోరు తెరిచి చెప్పే మొగోడా ఆయన? వాన అంటడు. పోనీ పాపం, గా సాకుతోనన్న జరసేపు సూది ఇడుస్తడని నేను లేస్తుంటి. నేనైతె ఇంకో రెండు గంటలు కుడుదు."

ఆకు మేకపిల్ల నోటికి అందుతలేదు, సత్తమ్మ వేళ్ల నుంచే జారిపోతాంది. అల్మాస్ వంగి ఆకు తీసి తనే పెట్టింది.

ఇంటికొచ్చి అరుణమ్మకు ఫోన్ చేసి ఇంకో పదిహేను దినాలు అడిగింది. అరుణమ్మ గొణిగింది, సతాయించింది, మిషన్ కుట్టు వెయ్యరాదా అన్నది. చేతికుట్టు కావాలంటె చేతులు ఉండాలె గదమ్మా అన్నది అల్మాస్. ఆఖరికి అరుణమ్మ సరేనన్నది, చాయ్ పడ్డ బొంత మాత్రం వద్దన్నది.

సత్తమ్మ పనికొచ్చిన దినం, ఇద్దరు గంటసేపు కుట్టినంక, అల్మాస్ రెండు గిన్నెలల్ల ఉప్పేసిన వేడినీళ్లు తెచ్చి నడుమ పెట్టింది.

"ఇద్దరూ చేతులు పెట్టాలె."

"నాకెందుకు. సత్తమ్మకు పెట్టు" అన్నడు లతీఫ్ సాబ్.

"నాకేమైంది. అన్నకు పెట్టు" అన్నది సత్తమ్మ.

నీళ్లు సల్లగైతున్నయ్. అల్మాస్ మామ చెవుల చెప్పింది, "నువ్వు పెట్టకుంటె ఆమె పెట్టదు." ఆయన గబుక్కున ముంచిండు. తర్వాత సత్తమ్మ చెవుల గూడ చెప్పింది, "నువ్వు పెట్టకుంటె ఆయన తీసేస్తడు." ఆమె గూడ ముంచింది.

ఇద్దరు ఎదురెదురుగ కూసోని, ఒకరి చేతులకు ఒకరు కావలి కాసుకుంట ఉన్నరు. కొద్దిసేపైనంక లతీఫ్ సాబ్ కోడలు దిక్కు తిరిగి, ఎట్ల పెట్టించిన చూసినవా అన్నట్టు కన్ను గీటిండు. అటుపక్క నుంచి సత్తమ్మ గూడ అట్లనే కన్ను గీటింది. అల్మాస్ ఇద్దరికీ తల ఊపి, ఇంకిన్ని నీళ్లు కాగవెట్టనీకె లోపటికి పోయింది.