రెండో కొబ్బరికాయ

బరంపురం స్టేషన్లో టిక్కెట్ల కౌంటరు వెనక నా ఉద్యోగమంతా ఒకే ప్రశ్న అడుగుతూ గడిచింది. ఎంతమంది? ఒడియాలో అడిగాను, తెలుగులో అడిగాను, కోపమొచ్చినప్పుడు రెండూ కలిపి అడిగాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అది వేరే సంగతి. ఆ ప్రశ్నకు ఎవరైనా బాధపడతారని మాత్రం ఏనాడూ అనుకోలేదు. పోయిన చలికాలం స్కూటరు మీద మూడు రోజులు ఒక్కదాన్నే తిరిగొచ్చాక తెలిసింది, కౌంటరుకు అవతల నిలబడి దాన్ని వింటే ఎలా ఉంటుందో.

వెళ్ళడానికి కారణం మా తమ్ముడు. అక్కా నేనూ నాన్న కట్టిన ఇంట్లోనే ఉండిపోయాం. పెళ్ళైన కొద్దికాలానికే భర్త పోయి అక్క తిరిగొచ్చేసింది, నేను పెళ్ళి జోలికే పోలేదు. తమ్ముడు విశాఖపట్నంలో స్థిరపడ్డాడు. అక్క పోయి ఏడాదైంది. సంవత్సరీకానికి వచ్చిన తమ్ముడు, ఇంకా విస్తళ్ళైనా ఎత్తకముందే మొదలుపెట్టాడు, ఇల్లు అద్దెకిచ్చేసి తనతో వచ్చెయ్యమని. నాకు ఒళ్ళు మండింది. ఈ ఊళ్ళో పుట్టి, ఈ ఊళ్ళో రిటైరై, ఇప్పుడు వాడి ఫ్లాట్లో చుట్టంలా బతకాలా? రానంటే రానన్నాను. మొండితనంలో వాడూ తీసిపోడు.

"పెద్దక్క లేకండా నువ్వు గుమ్మం దాటింది లేదు సిన్నక్కా" అన్నాడు. "మూడు రోజులు ఒక్కద్దానివీ ఎక్కడికైనా ఎళ్ళొచ్చి సూపించు. ఏ ఇబ్బందీ పడకండా వచ్చీసేవంటే ఇంక ఈ మాట ఎత్తను."

ఇబ్బంది పడితే ఏమిటని నేను అడగలేదు, వాడు చెప్పలేదు. పడితే సామాను సర్దుకోవాలని ఇద్దరికీ తెలుసు.

వాడన్నదాంట్లో అబద్ధం లేదు. స్కూటరు అక్కది, నడిపేదీ అక్కే. నేను మార్కెట్టుకు మాత్రం నడపడం నేర్చుకున్నాను. మిగతా అన్నిచోట్లకీ వెనక కూర్చుని సంచులు పట్టుకుని, ఎదురుగా లారీ వస్తోందనీ, కుడిపక్క గొయ్యి ఉందనీ, ఆవిడ చూస్తున్నవే ఆవిడకు చెప్పేదాన్ని. నేను రిటైరయ్యాక గోపాల్‌పూర్‌లో సముద్రం ఎదురుగా గది తీసుకుని ఒక రాత్రి ఉండాలనీ, రంభ వెళ్ళి చిలికా సరస్సులో పడవెక్కాలనీ, తిరుగుదారిలో తారాతారిణి గుడికి కొండెక్కాలనీ అనుకున్నాం. ఈ వానలు పోనీ, ఈ అప్పడాలు ఎండనీ అంటూ అక్క వాయిదా వేస్తూ వచ్చింది. నేనూ తొందరపెట్టలేదు. గోపాల్‌పూర్ మా ఇంటి నుంచి ఆటో దూరం, ఎప్పుడైనా వెళ్ళొచ్చు కదా అనుకున్నాం.

ఆ మూడు చోట్లకే బయల్దేరాను. బయల్దేరేముందు ఒక నియమం పెట్టుకున్నాను. అక్క పోయాక కూడా చాలాకాలం రెండు పాల ప్యాకెట్లే తెచ్చేదాన్ని. రెండు గ్లాసుల్లో టీ పోసి, ఒకటి సింకులో పారబోసేదాన్ని. చెయ్యి దానంతటది చేసేస్తుంది, నేనేం చెయ్యను? అందుకని ఈ మూడు రోజులూ ఏది కొన్నా ఒక్కటే కొనాలనుకున్నాను. ఒక టీ, ఒక గారె, ఒక అరటిపండు. చేతికి బుద్ధి రావాలి.

గోపాల్‌పూర్‌లో హోటలు బల్ల వెనక కూర్చున్నాయన నన్ను చూశాడు, నా వెనక చూశాడు, ఇంకెవరైనా వస్తారేమోనని గుమ్మం వైపు చూశాడు. "జొణే?" అన్నాడు. ఒక్కరేనా అని. ఒక్కరే అన్నాను. అయినా నమ్మకం కుదరలేదు. ఏమైనా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలో నంబరు ఇమ్మన్నాడు. ఏమవుతుంది, నాకేమవుతుందని గట్టిగా అడగబోయి నోరు నొక్కుకున్నాను. గొడవపడితే ఆ కబురు విశాఖపట్నం చేరుతుందని భయం. తమ్ముడి నంబరు అసలే ఇవ్వదలచుకోలేదు. నోటికొచ్చిన నంబరు చెప్పి తాళం తీసుకున్నాను. గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చున్నాక తెలిసింది, అది అక్క నంబరు. ఆ ఫోను మా బీరువాలో, ఆవిడ చీరల కింద, ఆపేసి ఉంది.

సాయంత్రం ఒడ్డుకు వెళ్ళాను. చెప్పులు విడిచి నీళ్ళలో నిలబడి, అక్కడే వేయించి అమ్ముతున్న చేపముక్క ఒకటి కొనుక్కుని తిన్నాను. నిజం చెప్పొద్దూ, చాలా బాగుంది. కారం ముక్కుకెక్కేలా ఉంది. అక్క అయితే ముల్లు తీసి, నూనె ఎక్కువైందని సణిగి, సగం నాకే పెట్టేది. మొత్తం నేనే తిన్నాను, వేళ్ళు కూడా నాకాను. ఆ సంబరంలో ఉండగా పెద్ద అల వచ్చి ఒక చెప్పు పట్టుకుపోయింది. రెండోది మాత్రం నా కాళ్ళ దగ్గరే ఉంది. వలలు సర్దుకుంటున్న ఒక పల్లెకారుల ముసలమ్మ చూసి నవ్వింది. వాళ్ళూ తెలుగువాళ్ళే. సముద్రం ఏదీ దాచుకోదట, పొద్దున్నకి ఇచ్చేస్తుందట. తర్వాత ఆవిడ కూడా అడిగింది, ఒక్కదానివే వచ్చినావా అని. అవునని చెప్పి మిగిలిన చెప్పు చేత్తో పట్టుకుని హోటలుకు వచ్చాను. పొద్దున్న వెళ్ళి చూస్తే సముద్రం ఏదీ ఇవ్వలేదు. కొత్త రబ్బరు చెప్పులు కొన్నాను. ఒక్కటే కొనాలన్న నియమం అక్కడ చెల్లలేదు.

తమ్ముడు ఫోన్ చేస్తే అంతా బాగుందన్నాను.

రంభలో పడవవాడు ఒక్కరి కోసం పడవ తియ్యనన్నాడు. తప్పు వాడిది కాదు, డీజిలు ఖర్చు వాడిది. ఒడ్డున సిమెంటు అరుగు మీద కూర్చున్నాను. జంటలు వచ్చాయి, వెళ్ళాయి. చివరికి అస్కా నుంచి వచ్చిన ఒక పెద్ద కుటుంబం, అమ్మమ్మ దగ్గర్నుంచి చంకలో పిల్ల వరకూ, నన్ను ఎక్కించుకున్నారు. మంచివాళ్ళు. పకోడీలు పెట్టారు. నీళ్ళు పల్చటి ఎండలో నిశ్చలంగా ఉన్నాయి. బాతుల్లాంటి పక్షులు గుంపులు గుంపులుగా తేలుతున్నాయి. పడవ దగ్గరకు వెళ్ళగానే అవన్నీ ఒక్కసారి లేచాయి, రెక్కల చప్పుడుకు పిల్ల కేరింతలు కొట్టింది. నేను కూడా పక్కకు తిరిగి, చూశావా అన్నాను. నా పక్కన వాళ్ళ నీళ్ళ సీసాల సంచి ఉంది.

తర్వాత వాళ్ళు ఫోను నా చేతికిచ్చారు, అందరం కలిసి ఉండేలా ఫొటో తియ్యమని. తీశాను. దీవి దగ్గర తీశాను, పడవ ముందు తీశాను, అమ్మమ్మను విడిగా తీశాను. నన్నెవరూ తియ్యలేదు. తియ్యమని నేనూ అడగలేదు. ఆ రాత్రి రంభలోనే బస చేశాను. పొద్దున్నే లేవాలని పెందరాళే పడుకున్నాను.

మూడో రోజు ఖల్లికోట దాటి కొడల వైపు వస్తుంటే స్కూటరు వెనక భాగం ఊగడం మొదలుపెట్టింది. దిగి చూస్తే వెనక చక్రం నేలకు అతుక్కుపోయింది. రెండు పక్కలా కోసేసిన వరిచేలు, కనుచూపు మేర మనిషి లేడు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. తమ్ముడు. ఎక్కడున్నావని అడిగాడు. దారిలో టీ తాగుతున్నానని చెప్పాను. టీ కొట్టు దగ్గర అంత నిశ్శబ్దంగా ఉందేమిటన్నాడు. జనం లేని కొట్టన్నాను. ఫోను పెట్టేసి స్కూటరు తోసుకుంటూ నడిచాను. తోస్తూ ఆ చక్రాన్ని తిట్టాను, రోడ్డును తిట్టాను, అక్కను కూడా తిట్టాను, బండి ఇలా వదిలేసి పోయావు కదా అని. తిట్టాక కొంచెం ఊపిరాడింది. తల ప్రాణం తోకకొచ్చాక కొడల చేరాను. పంచరు వేసే అతను పని చేస్తున్నంతసేపూ పక్కింటావిడ నాకు పీట వేసి, మరమరాల్లో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కలిపి గిన్నెతో ఇచ్చింది. మాట్లాడుతూనే ఉంది. కోడలి సంగతి చెప్పింది, మోకాళ్ళ నొప్పి చెప్పింది. ఆ గంట నాకు లోటు తెలియలేదు. బయల్దేరేటప్పుడు మళ్ళీ రమ్మంది. మళ్ళీ ఎందుకొస్తానో ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు.

తారాతారిణి చేరేసరికి ఎండ తిరిగింది. కొండ మీద కొట్టులో నియమం ప్రకారం ఒక కొబ్బరికాయ, ఒక దండ, ఒక కుంకుమ పొట్లం తీసుకున్నాను. కొట్టావిడ ఏదో అనబోయి ఊరుకుంది. వరసలో నిలబడి లోపలికి వెళ్ళి కాయ ఇవ్వబోయాను.

పూజారి దాన్ని అందుకోలేదు. వెనకెక్కడైనా ఇంకోటి ఉందేమోనని నా రెండో చేతి వైపు చూశాడు. తర్వాత ఒడియాలో, కోపం ఏమీ లేకుండానే అన్నాడు. "ఒకటే తెచ్చావేమమ్మా? ఒకరికి కొడితే రెండో ఆవిడ ఏం చెయ్యాలి?"

బరంపురంలో పుట్టిన చంటిపిల్లకైనా తెలుసు. ఆ కొండ మీద ఉన్న అమ్మవార్లు ఇద్దరు అక్కచెల్లెళ్ళు. కాయ ఇస్తే రెండు, చీర ఇస్తే రెండు, గాజులిస్తే రెండు జతలు. చిన్నప్పుడు చైత్ర మంగళవారాల్లో అమ్మ మా ఇద్దరి చేతికీ చెరో కాయ ఇచ్చేది. తోవ పొడుగునా ఎవరి కాయ పెద్దదని తగువులాడుకునేవాళ్ళం. అంత తెలిసినదాన్ని ఒంటికాయ పట్టుకుని వెళ్ళి అక్కచెల్లెళ్ళ ముందు నిలబడ్డాను. అక్క పోయిన రోజున రాని ఏడుపు అప్పుడొచ్చింది. చుట్టాల మధ్య కుదురుగా కూర్చుని అందరికీ కాఫీలు అందించిన మనిషిని, అక్కడ వరసను ఆపేసి, ముక్కు కార్చుకుంటూ, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. వెనకవాళ్ళు మొదట విసుక్కున్నారు, తర్వాత ఊరుకున్నారు. పూజారి నన్ను పక్కకు జరిగి నిలబడమన్నాడు. వెళ్ళి తెచ్చుకో, నేనిక్కడే ఉంటాను అన్నాడు.

మళ్ళీ కొట్టుకు వెళ్ళాను. కొట్టావిడ ఏమీ అడగకుండానే రెండో కాయ తీసి పీచు సరిచేసి ఇచ్చింది. రెండూ కొట్టించాను. పూజారి ఒక్కో కాయలోంచి ఒక్కో చిప్ప నా చేతుల్లో పెట్టాడు. కాగితంలో చుట్టి స్కూటరు డిక్కీలో పెట్టుకుని, దారి పొడుగునా మెల్లగా నడుపుకుంటూ దీపాల వేళకు ఇల్లు చేరాను.

తాళం తీసి లైటు వెయ్యగానే తమ్ముడు ఫోన్ చేశాడు. వచ్చేశానన్నాను. ఏ ఇబ్బందీ పడలేదా అన్నాడు. లేదన్నాను. సరే సిన్నక్కా, నువ్వే గెలిచినావు, ఇంక ఇంటి మాట ఎత్తను అన్నాడు. అనుకున్న మాట అనుకున్నట్టే నిలబెట్టుకున్నాడు.

ఎగిరి గంతెయ్యాలి కదా. కాళ్ళు కడుక్కున్నాను. కొబ్బరి చిప్పలు బయటికి తీసి, చాకుతో ముక్కలు కోసి, బెల్లం ముక్క పెట్టుకుని వంటింటి గడప మీద కూర్చున్నాను. అక్క ఎప్పుడూ ఆ గడపకు ఎదురుగా, మిక్సీ బల్ల పక్కన పీట వేసుకుని కూర్చునేది. నేను ఆఫీసు నుంచి రాగానే అక్కడే మొదలుపెట్టేదాన్ని, ఎవడు చిల్లర కోసం పోట్లాడాడో, ఎవరు తప్పుడు రైలెక్కారో. ఆవిడ వినేది, ఒక్కోసారి వినకుండానే ఊఁ కొట్టేది. "ఇదిగో, గోపాల్‌పూర్‌లో ఏటైందంటే" అని పైకే అనేశాను. ఆ మాట వంటింట్లో నాకే వినిపించింది. మూడు రోజులుగా చెప్పు సంగతీ, పక్షుల సంగతీ, మరమరాల సంగతీ ఒక్కొక్కటే దాచుకుంటూ వచ్చాను. ఎవరికి చెప్పడానికని దాచుకున్నానో అప్పుడు తెలిసొచ్చింది. ఈ ఇల్లు నాకు కావాలి. కానీ ఈ ఇంట్లో నా మాట వినే మనిషి లేదు. చేతిలోని ముక్క పక్కన పెట్టేశాను.

ఫోను తీసి తమ్ముడికి చేశాను. వాడు హలో అనేలోపే చెప్పేశాను.

"నీకు అబద్ధం సెప్పాను. కొడల కాడ పంచరైంది. టీ లేదు, గీ లేదు, నడిరోడ్డు మీద ఉన్నాను."

అయిపోయింది, సామాను సర్దుకోమంటాడు అనుకున్నాను.

"ఇంటి సంగతి అయిపోయింది, అది మల్లీ ఎత్తను" అన్నాడు. "కానీ పంచరైతే నాకు సెప్పు."

"సెప్తే అంత దూరాన్నుంచి నువ్వేటి సేస్తావు?"

"ఏటీ సెయ్యలేను. ఇంటాను."

గడప మీద సర్దుకుని కూర్చున్నాను. రెండో చిప్ప ముందుకు లాక్కుని, ముక్క నోట్లో వేసుకుని, గోపాల్‌పూర్ హోటలాయన దగ్గర్నుంచి మొదలుపెట్టాను.